తాత ఎదురుచూసిన పన్ను

పళ్ళ డాక్టరు దగ్గర ఒక మనిషి ఇంత బిత్తరపోవచ్చని ఈ వయసు వచ్చేదాకా నాకు తెలియదు. పోయిన వారం గుంటూరులో అదే జరిగింది. ఇంకా తేరుకోలేదు.

వెళ్ళింది నా పంటి కోసం కాదు, మనవరాలి కోసం. మా అబ్బాయి కూతురు, ఎనిమిదేళ్ళది. కుడివైపు కింద దవడ పన్ను నొప్పి అని నాలుగు నెలల నుంచి అంటోంది. మా కోడలు మొదట్లోనే డాక్టరుకు చూపిద్దాం అంది. నేనే పడనివ్వలేదు. పాలపన్నుకి డాక్టరెందుకు, ఊడిపోయి కొత్తది వస్తుంది, లవంగం అద్దు చాలు అన్నాను. ఇంట్లో పెద్దదాన్ని కదా, నా మాటే నెగ్గింది. చివరికి బుగ్గ వాచి పిల్ల మజ్జిగన్నం కూడా మింగలేకపోయేసరికి ఆటో ఎక్కాం. దారి పొడుగునా కోడలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరు మా కోడలికంటే చిన్నది. అద్దం పెట్టి చూసి, ఫోటో తీసి, ఆ పన్నును గోడమీది టీవీలో ఇంత చేసి చూపించింది. పన్ను నడిమధ్య నల్లటి గొయ్యి, చుట్టూ చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. రోజూ నా చేత్తో ముద్దలు పెట్టే నోట్లో అంత గొయ్యి ఉందని నేను చూసుకోలేదు.

తీసేయమ్మా, ఎలాగూ పాలపన్నే అన్నాను.

"ఇది పాలపన్ను కాదు మామ్మగారూ. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనకాల కొత్తగా వచ్చే పన్ను. ఏదీ ఊడకుండా వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. ఇది పోతే మళ్ళీ రాదు."

నాకు ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న చదువు పూర్తిచేసిన పిల్ల నాకు చెప్పేదేమిటి?

"ఎందుకు రాదమ్మా? నాకు రాలేదా? సరిగ్గా ఇదే పన్ను, ఇదే వైపు. ఎనిమిదేళ్ళప్పుడు పీకించారు. మా తాత తిండి పెట్టి మళ్ళీ తెప్పించాడు. కావాలంటే చూసుకో" అని నోరు తెరిచి వేలు పెట్టి చూపించాను. కోడలు సిగ్గుతో తల దించుకుంది.

డాక్టరు నవ్వలేదు. ముందు పిల్ల నొప్పి సంగతి చూస్తాను, తర్వాత మిమ్మల్నీ చూస్తాను, కాసేపు బయట కూర్చోండి అంది. లోపలి నుంచి లవంగనూనె వాసన వస్తోంది. ఆ వాసన తగలగానే నేను ఆసుపత్రి కుర్చీలో లేను. మా ఊళ్ళో గొడ్లచావిడి అరుగు మీద, నోట్లో లవంగం పెట్టుకుని, బుగ్గ పట్టుకుని కూర్చున్నాను.

మాది నల్లరేగడి ఊరు. ఒకపక్క పత్తి, ఒకపక్క మిరప. మాఘమాసం వచ్చిందంటే కళ్ళాలన్నీ ఎర్రబడేవి, ఊరంతా తుమ్మేది. ఇప్పుడు ఆ ఊళ్ళో ట్రాక్టర్లు తప్ప కాడి కట్టే ఎడ్లు లేవు. అప్పుడు ఇంటికో జత. మా చావిట్లో అయితే రెండు జతలు, ఒకటి దున్నడానికి, ఒకటి పందేలకు. ఆ పందెం జత మా తాతకు ప్రాణం.

మా తాత, అంటే మా నాన్నకు నాన్న, పళ్ళు చూడటంలో మొనగాడు. మనుషులవి కాదు, గిత్తలవి. మా వైపు బండలాగుడు పందేల్లో గిత్తలను పళ్ళను బట్టి విడదీస్తారు. పాలపళ్ళ జతలు వేరు, రెండు పళ్ళవి వేరు, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరు. గిత్తకు కింది దవడలో ముందరి పాలపళ్ళు రెండేసి చొప్పున ఊడి, వాటి చోట వెడల్పాటి పళ్ళు వస్తాయి. ఎన్ని మారాయో చూస్తే వయసు తెలిసిపోతుంది. ఆరు పళ్ళ గిత్తను తెచ్చి నాలుగు పళ్ళదని బుకాయించే ఘనులు ప్రతి పందెంలోనూ ఉండేవాళ్ళు. అప్పుడు తాతకు కబురు వచ్చేది. తాత ముక్కుతాడు పట్టుకుని, కింది పెదవి బొటనవేలితో దించి, ఒక్క చూపు చూసి చెప్పేవాడు. ఇక దానికి తిరుగు లేదు.

ఆ చూపు ఆదివారం ఆదివారం మా మీద కూడా పడేది. వేపపుల్లతో పళ్ళు తోముకున్నాక పిల్లలమందరం అరుగు ముందు వరసగా నిలబడాలి. తాత గిత్తలకు దించినట్టే మా పెదవులు దించి చూసేవాడు. నువ్వు రెండు పళ్ళ జతలోకి వచ్చావు, నువ్వింకా పాలపళ్ళే, పో, అనేవాడు. పుట్టినవాళ్ళు పిల్లలనుకున్నావా కోడెలనుకున్నావా అని నాయనమ్మ లోపలినుంచి దెప్పేది.

ఒక సంగతి మాత్రం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తోంది. తాత ఎప్పుడూ ముందరి పళ్ళే చూశాడు. గిత్త నోట్లో వెనకాల దవడ పళ్ళు ఎవరూ చూడరు. వయసు చెప్పడానికి వాటితో పనిలేదు, పైగా అంత లోపలికి చెయ్యి పెడితే వేళ్ళు మిగలవు. అదే అలవాటు మా దగ్గరా సాగింది. పందెంలో ఏ మోసగాడూ బోల్తా కొట్టించలేని మనిషి నా నోట్లో ఏం జరుగుతోందో కనిపెట్టలేకపోయాడు.

జరుగుతున్నది దొంగతనం. పందేలు దగ్గరపడితే గిత్తలకు మేత మారేది. నానబెట్టి రుబ్బిన ఉలవలు, సజ్జపిండి, కోడిగుడ్లు, నువ్వులనూనె, అన్నిటి మీదా బెల్లం. ఆ బెల్లం కుండ చావిడి మూలన ఉండేది. మనుషులకు పండగకే దొరికే బెల్లం గిత్తలకు రోజూ దొరకడం నాకు అన్యాయంగా తోచింది. బడికి పోతూ పోతూ ఒక గడ్డ తీసి కుడిబుగ్గన పెట్టుకునేదాన్ని. నమిలితే పంతులుగారు పట్టేస్తారు. బుగ్గన ఉంచితే రెండో గంట దాకా కరుగుతూనే ఉంటుంది. సాయంత్రం ఇంకోటి. అది బుగ్గన ఉండగానే నిద్రపోయిన రోజులు కూడా ఉన్నాయి. కుండ తరిగిపోతుంటే పందికొక్కులు తింటున్నాయని తాత బోను పెట్టించాడు. ఆ బోనులోకి ఎర వేయడానికి దీపం పట్టుకున్నదాన్ని కూడా నేనే.

బయటపడింది మిరపకాయల కళ్ళంలో. ఆడకూలీలు తొడిమలు తీస్తుంటే నేనూ వాళ్ళ పక్కన చేరి అన్నం తింటున్నాను. జొన్నన్నంలో గోంగూర పచ్చడి. పండుమిరప కారం ఆ పంటి గొయ్యిలోకి దిగింది. నేను పెట్టిన కేకకు తేలు కుట్టిందనుకుని అందరూ లేచి నా కాళ్ళు వెతకడం మొదలుపెట్టారు. నేను నోరు చూపించాను.

తాత మొదటిసారి నా నోట్లో వెనక్కి చూసింది ఆ రోజే. వేలితో తడిమాడు, వాసన చూశాడు. పాలపన్నే, పుచ్చింది, కోడెకు ఊడినట్టే ఊడి కొత్తది వస్తుంది, పీకిస్తే సరి అన్నాడు. గిత్తల పళ్ళు చెప్పినంత నమ్మకంగా చెప్పాడు. ఆ మాట ఇంట్లో ఎవరు కాదంటారు?

మా ఊళ్ళో గిత్తలకు నాడాలు కొట్టే సాయిబు ఒకాయన ఉండేవాడు. తాత ఈడువాడే. మేము సాయిబు తాత అనేవాళ్ళం. ఊళ్ళో కదిలిన పళ్ళు కూడా ఆయనే పీకేవాడు. నాడాల పటకారు కాదు, దానికి వేరే చిన్నది ఉండేది, మరిగే నీళ్ళలో వేసి తీసేవాడు. ఆయన నా పన్ను పట్టుకుని ఊపి చూసి, ఇది కదలడం లేదు పెద్దాయనా, కొన్నాళ్ళు ఆగుదామా అన్నాడు. పిల్ల తిండి తినడం లేదయ్యా, లాగేయమన్నాడు తాత. నన్ను తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ నొప్పి గురించి రాయను. అరవయ్యేళ్ళు దాటినా అది తలుచుకుంటే చెవిలో ఆ పటపటమన్న చప్పుడు వినిపిస్తుంది.

సాయిబు తాత ఆ పన్నును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"పాలపన్నుకి వేళ్ళు ఇంత పొడుగుంటాయా పెద్దాయనా?"

ఊడిన పాలపన్నుకు అడుగున వేళ్ళు ఉండవని వాళ్ళిద్దరికీ తెలుసు. నేను నోటినిండా నెత్తురుతో తాత మొహం చూశాను. పందెంలో జత ఓడిపోయిన రోజు కూడా ఆ మొహం అలా పాలిపోలేదు. నాకు భయం వేసింది. నేను బెల్లం తిన్నందుకే ఇదంతా జరిగిందనుకుని అక్కడికక్కడే ఏడుస్తూ దొంగతనమంతా చెప్పేశాను. తాత నన్ను తిట్టలేదు. లేచి వెళ్ళి పందికొక్కుల బోను విప్పేశాడు.

మా ఇళ్ళల్లో ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుతారు, కొత్తది త్వరగా వస్తుందని. తాత నా చేత విసిరించాడు. పెంకుల మీంచి దొర్లి కింద పడింది. మళ్ళీ విసిరాను, మళ్ళీ పడింది. మూడోసారి తనే తీసుకుని విసిరాడు. నిలిచింది. నిలిచిందా లేదా అని వెనక్కి నడిచి, మెడ ఎత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

ఆ మర్నాటినుంచి నాకు మేత మొదలైంది. అది తిండి కాదు, మేతే. పొద్దున్నే సజ్జరొట్టె, నువ్వులపొడి. మధ్యాహ్నం మునగాకు పప్పు, అది లేకపోతే తోటకూర. పత్తిగింజలు రుబ్బి పెట్టిన గేదెపాలు చిక్కగా ఉంటాయి, ఆ పాల పెరుగు గడ్డలాగా ఉండేది, నా గిన్నెలో మీగడతో సహా పడేది. సంతనుంచి చిన్న చేపలు తెప్పించి కరకరలాడేలా వేయించి ముళ్ళతో సహా నమలమనేవాడు. సాయంత్రాలు పచ్చి వేరుశనక్కాయలు, జామకాయలు, చలికాలంలో తేగలు, ఉసిరికాయలు. మెత్తటిది ఏదైనా పెడితే నాయనమ్మ మీద కేకలేసేవాడు. దవడ పనిచేస్తేనే చిగురు గట్టిపడుతుందని ఆయన నమ్మకం. పిడుగురాళ్ల నుంచి వెల్ల వేయడానికి తెచ్చిన సున్నంలో తేట తీసి నా మజ్జిగలో రెండు చుక్కలు వేయబోతే మాత్రం నాయనమ్మ గిన్నె లాక్కుని పారబోసింది. దీన్ని ఏ పందేనికి కడుతున్నావు అని అడిగింది.

బెల్లం ఇంట్లోంచి పోయింది. నా ఎదురుగా గిత్తలకు పెట్టడం బాగుండదని వాటికి కూడా మానేశాడు. ఆ ఏడు మా జత మూడో స్థానానికి దిగింది. ఊళ్ళో వాళ్ళు మేత తగ్గించావేమని అడిగితే తాత ఎటో చూసేవాడు.

ఆదివారాలు మాత్రం మారలేదు. మిగతా పిల్లలకు పెదవి దించి వదిలేసేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి గడ్డం పట్టుకుని ఎండవైపు తిప్పి, వెనక్కంటా వేలు పెట్టి ఖాళీ చిగురు తడిమేవాడు. ఆయన వేలికి ఎప్పుడూ ఉలవల వాసన.

"ఇంకా రాలేదే అమ్మాయ్" అనేవాడు.

ఆ మాట నాలుగేళ్ళు విన్నాను. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత విసుగొచ్చేది. ఎదిగిన ఆడపిల్ల నోట్లో వేలేమిటి అని అమ్మ గొణిగేది. ఒకసారి కోపమొచ్చి ఆయన వేలు కొరికాను కూడా. తాత చెయ్యి విదిలించుకుని, పళ్ళు గట్టిగానే ఉన్నాయి, అది కూడా వస్తుందిలే అన్నాడు.

వచ్చింది. నాకు పన్నెండు నిండి పదమూడు వచ్చే రోజుల్లో, మళ్ళీ కళ్ళాలు ఎర్రబడిన కాలంలో, ఒక ఆదివారం తాత వేలు నా చిగురు మీద ఆగిపోయింది. మళ్ళీ తడిమాడు. మళ్ళీ తడిమాడు. తర్వాత అరుగు మీద కూలబడి కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్క పంటికి ఇంత ఏడుపెందుకో అర్థంకాక నేను కొయ్యబారి నిలబడ్డాను. కాసేపటికి ఆయనే లేచి ఊరంతా తిరిగి చెప్పాడు. సాయిబు తాతను పిలుచుకొచ్చి నా నోరు చూపించాడు. ఆయన చూసి, నీ మేత గొప్పది పెద్దాయనా అని తాత భుజం తట్టాడు.

ఆ తర్వాత రెండేళ్ళకు తాత పోయాడు. ఆ పన్ను కథ మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. మునగాకు వద్దన్న ప్రతి పిల్లకూ పిల్లాడికీ చెప్పాం. నేను నా పిల్లలకు చెప్పాను. మనవరాలికి కూడా లెక్కలేనన్నిసార్లు చెప్పాను. ఏడాది ఏడాదికీ వంటింట్లోంచి సజ్జలు పోయాయి, నువ్వులపొడి పోయింది, ముళ్ళ చేపలు పోయాయి. కథ ఒక్కటే మిగిలింది. పన్ను పోయినా వస్తుందిలే అనే ధైర్యం ఒక్కటే మిగిలింది.

డాక్టరు పిలిస్తే లోపలికి వెళ్ళాను. పిల్ల బుగ్గ తిమ్మిరెక్కి నోరు వంకరగా పెట్టుకుని కూర్చుంది. ఈ పాప ఏమేం తింటుందండీ అని డాక్టరు అడిగింది. కోడలు నా వైపు చూసింది. పిల్లను చూసుకునేది నేనే కదా. పొద్దున పాలల్లో బిస్కెట్లు. బడినుంచి రాగానే కేకు. ఏడిస్తే చాక్లెట్టు. పడుకునే ముందు పంచదార పాలు, తాగుతూ తాగుతూ నిద్రపోతుంది. బుగ్గన బెల్లంతో నిద్రపోయిన పిల్లను నేనే, ఆ బెల్లం అందించిన చెయ్యి కూడా ఇప్పుడు నాదే.

తర్వాత డాక్టరు నన్ను కుర్చీలో పడుకోబెట్టి చూసింది. నాకూ ఫోటో తీసింది. టీవీలో నా దవడ ఎముకతో సహా కనిపించింది. రెండువైపులా పళ్ళు లెక్కపెట్టి చూపించింది.

"ఎడమవైపు కంటే కుడివైపు ఒకటి తక్కువ ఉంది చూడండి మామ్మగారూ. మీకు పీకిన పన్ను మళ్ళీ రాలేదు. ఇది దాని వెనకది. పన్నెండేళ్ళప్పుడు అందరికీ వచ్చేదే. ముందు చోటు ఖాళీగా ఉంది కాబట్టి జరిగి అందులోకి వచ్చింది."

ఇన్నేళ్ళుగా నాలుకతో తడుముకుని తాత తెప్పించిన పన్ను అని మురిసిపోయిన పన్ను ఆ పన్ను కాదు. అది ఎవరూ తెప్పించకపోయినా వచ్చేది. తాత ఏడ్చింది వేరే పంటికోసం.

అప్పుడు సాయిబు తాత అరచేయి కళ్ళముందుకు వచ్చింది. అందులోని పంటి పొడుగాటి వేళ్ళు చూసినప్పుడే తాతకు తెలిసిపోయింది, పీకించింది పాలపన్ను కాదని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వెయ్యి గిత్తల పళ్ళు చెప్పిన మనిషి సొంత మనవరాలి దగ్గర పొరపాటు పడ్డానని నాలుగేళ్ళు లోలోపల కుమిలిపోయాడు. ఆ రొట్టెలూ ఆకుకూరలూ చేపలూ అన్నీ ఆ తప్పు దిద్దుకోవాలని పెట్టినవి. ప్రతి ఆదివారం వేలు పెట్టి వెతికింది పన్ను కోసం కాదు, క్షమాపణ కోసం. ఆ వేలినే నేను కొరికాను.

నా కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే డాక్టరు కంగారుపడింది. నొప్పి పుడుతోందా అని అడిగింది. లేదన్నాను.

"ఆ ఒక్కటీ తప్ప మీ నోట్లో ఒక్క పన్ను కూడా పుచ్చలేదు. చిగుళ్ళు కూడా గట్టిగా ఉన్నాయి. ఈ వయసులో ఇలాంటి నోరు అరుదుగా చూస్తాం. చిన్నప్పుడు ఏం తినేవాళ్ళండీ?"

తాత ఒక్క పన్ను కోసం పెట్టిన తిండి ఆ పన్నును తేలేదు. మిగతా అన్నిటినీ నిలబెట్టింది. ఆ సంగతి ఆయనకు చెప్పేవాళ్ళు లేకుండానే పోయాడు.

మనవరాలి పన్ను దక్కుతుందని డాక్టరు చెప్పింది. లోపల శుభ్రం చేసి, మందు నింపి, పైన తొడుగు వేస్తుందట. నాలుగైదుసార్లు తిరగాలి. ఇంకో నెల ఆగి ఉంటే పీకడమే గతి అంది. ఆ నెల ఆగకుండా నన్ను మించి మొండిగా ఆటో పిలిచింది కోడలే. ఇంటికొస్తూ ఆటోలో ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి లాక్కోలేదు.

నిన్న ఆదివారం. కొత్తగా కొట్టిన నువ్వులపొడి వాసన ఇంకా ఇంట్లో ఉంది. పిల్ల సజ్జరొట్టె చూసి మొహం చిట్లించింది, నాలుగు ముక్కలు మాత్రం తింది. తిన్నాక నోరు పుక్కిలించమని, వరండాలో ఎండవైపు తిప్పి గడ్డం పట్టుకున్నాను. ముందరి పళ్ళ దగ్గర ఆగలేదు. వేలు వెనక్కంటా పోనిచ్చి, మందు పెట్టి మూసిన ఆ పన్నును తడిమాను. గట్టిగా ఉంది. చిగురు వాపు దిగింది.

"ఇది ఇక్కడే ఉంది తాతా, ఎక్కడికీ పోలేదు" అన్నాను.

పిల్ల నోట్లో వేలుండగానే, ఎవరితో నానమ్మా అని అడిగింది.